అమ్మే ఇల్లు, కొనేవాళ్ళ అనుమానం



ఇల్లు అమ్మాలనుకోగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఏంటి? సున్నం వేయించడం. చేతిలో కాస్త డబ్బుంటే రంగులు వేయించడం. పది రోజుల్లో ఇల్లు కళకళలాడుతుంది. ఆ తర్వాత కొనేవాళ్ళు వస్తారు. వాళ్ళు గోడల రంగు చూడరు. తల పైకెత్తి మిద్దె చూస్తారు. మూలన గోడ మీద అరచెయ్యి పెట్టి చెమ్మ ఉందేమో చూస్తారు. దర్వాజ చెక్కను వేలితో కొట్టి చూస్తారు. అన్నీ చూసి, కూర్చుని, మంచినీళ్ళు తాగి అడుగుతారు. "కాగితాలు మంచిగున్నయా?"

సంతలో ఎద్దును కొనేవాడు కొమ్ములకు వేసిన రంగు చూసి బేరం చెయ్యడు. నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. ఇల్లు కొనేవాళ్ళూ అంతే.

ఈరోజు నేను చెప్పబోయేది ఒకటే మాట. ఇంటిని అమ్మకానికి సిద్ధం చెయ్యడమంటే దాన్ని అందంగా చెయ్యడం కాదు. కొనేవాళ్ళకు రాబోయే అనుమానాల్ని మనమే ముందుగా వెతికి, ఒక్కొక్కటీ తీర్చిపెట్టడం. ఎందుకంటే, అనుమానం ఎక్కడుంటే ధర అక్కడ తెగుతుంది.

ఎలా తెగుతుందో చూడండి. మీ మిద్దె ఒక మూల కురుస్తోంది అనుకుందాం. మేస్త్రీని పిలిస్తే ఇరవై వేలలో బాగుచేస్తాడు. ఆ సంగతి మీకు తెలుసు. కొనడానికి వచ్చినాయనకు తెలియదు. ఆయనకు కనిపించేది తడి మరక ఒక్కటే. లోపల ఇనుము తుప్పు పట్టిందేమో, స్లాబు మొత్తం కొట్టేయాలేమో అని భయపడతాడు. భయపడి లక్ష తగ్గించి అడుగుతాడు. తెలియని ఖర్చును ఎవరూ తక్కువగా లెక్కేసుకోరు. అంటే ఇరవై వేల పని చేయించనందుకు లక్ష పోయింది. ఆ మరక మీద రంగు వేసి దాచారనుకోండి, ఇంకా ఘోరం. మొదటి వానకు బయటపడుతుంది. అప్పుడు పోయేది ధరతో పాటు మీ మాట కూడా.

దౌల్తాబాద్, కొడంగల్, తాండూరు చుట్టుపక్కల ఊళ్ళను దృష్టిలో పెట్టుకునే ఈ ప్రసంగం తయారుచేసుకున్నాను. ఇక్కడ అమ్మకానికి వచ్చే ఇళ్ళు చాలావరకు తాళం వేసిన ఇళ్ళు. కుటుంబం పని వెతుక్కుంటూ హైదరాబాదుకో, పుణెకో, ముంబైకో వెళ్ళింది. పిల్లలు అక్కడే స్థిరపడ్డారు. ఊళ్ళో నాన్న కట్టిన ఇల్లు మిగిలింది. పండక్కి వచ్చినప్పుడు తలుపు తీస్తారు, మళ్ళీ తాళం వేస్తారు. ఇలాంటి ఇంటికి అనుమానాలు రెండు వైపుల నుంచి వస్తాయి. ఒకటి కాగితాల వైపు. రెండోది గోడల వైపు. నన్నడిగితే కాగితాలతోనే మొదలుపెట్టాలి. గోడ వారంలో బాగవుతుంది. కాగితం బాగవడానికి ఆర్నెల్లు పట్టొచ్చు.

మన ప్రాంతపు కాగితాలకు ఒక చరిత్ర ఉంది. కొంచెం ఓపికగా వినండి. 1956 నవంబరు 1కి ముందు కొడంగల్, తాండూరు తాలూకాలు హైదరాబాదు రాష్ట్రంలో గుల్బర్గా జిల్లా కింద ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో గుల్బర్గా మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. ఈ రెండు తాలూకాలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాలో కలిసింది. తాండూరు హైదరాబాదు జిల్లాకు, అక్కడి నుంచి 1978లో కొత్తగా పుట్టిన రంగారెడ్డి జిల్లాకు వెళ్ళింది. చివరికి 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడితే తాండూరుతో పాటు కొడంగల్, బొంరాస్‌పేట, దౌల్తాబాద్ మండలాలూ అందులోకి వచ్చాయి. పొరుగునే ఉన్న కోస్గి, మద్దూరు ఇప్పుడు నారాయణపేట జిల్లా.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మీ ఇంటి సందూకలో ఉన్న కాగితాలు తీసి చూడండి. తాతగారి కాగితం ఉర్దూలో ఉండొచ్చు, మీద గుల్బర్గా జిల్లా అని ఉండొచ్చు. నాన్నగారి దస్తావేజు మీద మహబూబ్‌నగర్ జిల్లా అనో, రంగారెడ్డి జిల్లా అనో ఉంటుంది. నిన్న కట్టిన కరెంటు బిల్లు వికారాబాద్ జిల్లా అంటుంది. ఊరు కదల్లేదు, ఇల్లు కదల్లేదు. జిల్లాలే మారాయి. మనకు తెలుసు కాబట్టి మనకిది వింతగా అనిపించదు. హైదరాబాదు నుంచి వచ్చి కొనేవాళ్ళకు, వాళ్ళకు అప్పిచ్చే బ్యాంకు వకీలుకు మాత్రం ఇది మూడు వేర్వేరు ఆస్తులేమో అన్నంత అనుమానం. ఉర్దూ కాగితం ఉంటే తెలిసినవాళ్ళ చేత తెలుగులో రాయించి జత చెయ్యండి. ఏ జిల్లా ఎప్పుడు మారిందో ఒక తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి పైన పెట్టండి. ఖర్చు లేని పని. అనుమానం సగం అక్కడే పోతుంది.

తర్వాత ఈసీ తీయించండి. ఈసీ అంటే ఆ ఆస్తి మీద ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయి, ఎక్కడైనా తాకట్టు ఉందా అని చెప్పే కాగితం. 1983 నుంచి జరిగినవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. మన దగ్గర జిల్లాలు మారాయి కాబట్టి, పాతవి ఏ ఆఫీసులో ఉన్నాయో ముందే కనుక్కోండి. కొనేవాళ్ళు వచ్చి అడిగాక పరుగులు పెట్టడం వేరు, వాళ్ళు రాకముందే తెచ్చిపెట్టుకోవడం వేరు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. "మాకు పాసుబుక్కు ఉంది గదా" అంటారు. పాసుబుక్కు పొలానికి. ఊరి నడుమ గ్రామకంఠంలో ఉన్న ఇంటికి పాసుబుక్కు ఉండదు. 2020లో వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణి అయినా, దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతి అయినా, పొలం అమ్మకం జరిగేది తహసీల్దారు దగ్గర. ఇంటి అమ్మకం జరిగేది సబ్ రిజిస్ట్రార్ దగ్గర. ఒకవేళ మీరు ఊరి బయట పట్టా పొలంలో ఇల్లు కట్టుకున్నారనుకోండి. రికార్డులో అది ఇంకా పొలంగానే ఉంటే, ముందు దాన్ని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవాలి. లేకపోతే సబ్ రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్తే అది పొలమంటారు, కొనేవాళ్ళేమో ఇల్లంటారు, మీరు మధ్యలో నలిగిపోతారు.

ఇంకో మాట. ఇంటి పన్ను రసీదు ఉంటే ఇల్లు మనదే అనుకుంటాం. రసీదు అవసరమే, పాతవి కూడా దాచుకోవాలి. కానీ పన్ను రసీదు ఒక్కటే హక్కును నిరూపించదు. ఆ ఇంట్లో మనం ఉంటున్నామని, పన్ను కడుతున్నామని మాత్రం చెబుతుంది. మన ఊళ్ళలో ముప్పై, నలభై ఏళ్ళ కింద ఇళ్ళు చాలావరకు తెల్లకాగితం మీద చేతులు మారాయి. పెద్దమనుషుల ముందు రాసుకున్నారు, వేలిముద్ర వేశారు, డబ్బిచ్చారు, చేరిపోయారు. ఊరంతా ఒప్పుకుంటుంది. చట్టం ఒప్పుకోదు. వంద రూపాయలు, అంతకు మించిన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటోంది. మీ ఇల్లు అలాంటిదైతే, ఆనాడు అమ్మినవాళ్ళు ఉన్నారా, లేకపోతే వాళ్ళ పిల్లలు ఎక్కడున్నారో ముందు వెతకండి. వాళ్ళ చేత రిజిస్ట్రేషన్ చేయించుకునే దారి ఉందేమో ఒక మంచి వకీలును అడగండి. అది తేలకుండా ఇంటికి రంగులు వేయించడం దండగ.

ప్రభుత్వం ఇచ్చిన జాగాలో కట్టుకున్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త. భూమి లేని పేదలకు సాగుకో, ఇంటికో ఇచ్చిన అసైన్డు జాగాను అమ్మకూడదని 1977లో వచ్చిన చట్టం ఉంది. మీ జాగా ఆ కోవలోకి వస్తుందో రాదో తహసీల్దారు ఆఫీసులో కనుక్కుని గానీ ఎవరి దగ్గరా బయానా తీసుకోకండి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఇల్లు నాన్న పేరు మీద ఉంది. నాన్న పోయారు. వీలునామా లేదు. ఇద్దరు కొడుకులు ఇల్లు అమ్ముతామంటారు. వాళ్ళకు ఒక అక్క ఉంది. ఆమెను గుల్బర్గా వైపు సేడం దగ్గర ఇచ్చారు. పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది. "ఆమెకు పెండ్లికి పెట్టినం గదా, ఇంక ఆమె సంతకమెందుకు?" అంటారు తమ్ముళ్ళు.

ఎందుకంటే ఆమెకు వాటా ఉంది. నాన్న సొంతంగా సంపాదించిన ఇల్లయితే, వీలునామా లేకుండా ఆయన పోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా వస్తుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. తాతల ఆస్తిలో కూతురికీ వాటా ఇస్తూ మన రాష్ట్రంలో 1985లోనే సవరణ వచ్చింది. అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లలకు మాత్రం అది వర్తించలేదు. 2005లో కేంద్రం తెచ్చిన సవరణ ఆ తేడా తీసేసింది. కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. అమ్మ బతికుంటే అమ్మ సంతకం కావాలి. అక్క సంతకం కావాలి. చెల్లి సంతకం కావాలి. కొనేవాళ్ళ వకీలు మొట్టమొదట అడిగేది ఇదే.

కాబట్టి ఇల్లు చూపించకముందే కుటుంబమంతా ఒకసారి కూర్చోండి. ధర ఎంత అనుకుంటున్నారు, ఎవరికెంత, రిజిస్ట్రేషన్‌కు ఎవరు రాగలరు, రాలేనివాళ్ళు ఎవరికి అధికారం రాసిస్తారు, అన్నీ మాట్లాడుకోండి. రిజిస్ట్రేషన్ రోజున అక్కను పిలిచి, చీర పెట్టి, "ఇక్కడ సంతకం చెయ్యక్కా" అనడం మర్యాద కాదు. ఆమె చెయ్యనంటే తప్పు ఆమెది కాదు. అప్పటికే మీరు బయానా తీసుకుని ఉంటారు, మాట ఇచ్చి ఉంటారు. ఈ చివరి నిమిషపు గొడవతో ఆగిపోయిన అమ్మకాలు మీ ఊళ్ళో కూడా ఉండే ఉంటాయి. వాటా మాట ముందు తేల్చుకోండి. చీర తర్వాత పెట్టండి.

తహసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. పంచాయతీ రికార్డులో ఇంటి నంబరు ఇంకా నాన్న పేరు మీదే ఉంటే పేరు మార్పించుకోండి. ఇంటి పన్ను, నల్లా బిల్లు, కరెంటు బిల్లు బకాయిలు లేకుండా కట్టేయండి. అమ్మే రోజు వరకు ఉన్న బకాయిలు అమ్మేవాళ్ళే తీర్చాలని చట్టం కూడా చెబుతుంది.

కాగితాల సంగతి ముగించే ముందు ఒక చిన్న పని చెప్తాను. ఒక టేపు తీసుకోండి. ఇల్లు కొలవండి. దస్తావేజులో రెండొందల గజాలని ఉంటుంది, కొలిస్తే నూట ఎనభై వస్తుంది. లేదా వెనక ఉన్న పశువుల కొట్టం అసలు దస్తావేజులోనే ఉండదు. హద్దులు కూడా చూడండి. తూర్పున ఫలానా వారి ఇల్లు అని రాసి ఉంటుంది. వాళ్ళు పోయి ఇరవై ఏళ్ళయింది, ఆ ఇల్లు రెండు చేతులు మారింది. దాయాదులతో ఉమ్మడి గోడ ఉంటే అది ఎవరిది, మోరీ నీళ్ళు ఎవరి జాగాలోంచి పోతాయి, నడిచే బాట ఎవరిది, ఇవన్నీ పక్కింటివాళ్ళతో ముందే మాట్లాడి రాసిపెట్టుకోండి. కొనేవాళ్ళు ఇల్లు చూసి వెళ్తూ వెళ్తూ పక్కింట్లో అడుగుతారు. అక్కడ వినిపించే మాటా, మీరు చెప్పిన మాటా ఒకటే కావాలి.

సరే, ఇక గోడల దగ్గరికి వద్దాం.

ముందుగా తాళం తీయండి. కిటికీలు, తలుపులు వారం పది రోజులు బార్లా తెరిచిపెట్టండి. తాళం వేసిన ఇంటికి ఒక వాసన ఉంటుంది. గబ్బిలాల వాసన, ఎలుకల వాసన, పాత గోనె సంచుల వాసన. ఆ వాసన తగలగానే కొనేవాళ్ళకు ఇల్లంతా పాడైపోయిందనిపిస్తుంది. అటక మీది విరిగిన మంచాలు, తుప్పు పట్టిన డబ్బాలు తీసెయ్యండి. గోడకు ఆనించి పేర్చిన కందికట్టెను తప్పకుండా తీసెయ్యండి. చెదలు అక్కడి నుంచే గోడెక్కుతాయి, తేళ్ళూ అక్కడే చేరతాయి. ప్రతి అర్రలో వెలిగే బల్బు పెట్టండి. ఈ పనులకు పెద్ద ఖర్చేమీ లేదు.

మిద్దె మాట చెప్పాలి. పాత మట్టి మిద్దె అయితే మన పెద్దలు ఏటా మృగశిరకు ముందు చౌడుమట్టి పరిచి సరిచేసేవాళ్ళు. ఇల్లు తాళంలో పడ్డాక ఆ పని ఆగిపోయింది. ఇప్పుడు చేయించండి. స్లాబు అయితే ముందు నీళ్ళు పోయే తూములు చూడండి. చాలా ఇళ్ళు కురిసేది స్లాబు చెడిపోయి కాదు. తూములో ఎండుటాకులు ఇరుక్కుని నీళ్ళు నిలబడి కురుస్తాయి. పిట్టగోడ అంచున మొలిచిన రావి మొక్కను వేరుతో సహా తీయించండి. బాగుచేయించాక ఒక పూట మిద్దె మీద నీళ్ళు నిలబెట్టి కింద నుంచి చూడండి. గోడ పూర్తిగా ఆరాకే సున్నం వేయించండి. తడి గోడ మీద వేసిన రంగు నెల తిరక్కుండా పొక్కులు లేస్తుంది.

మన నేలకు ఒక ప్రత్యేకమైన తంటా ఉంది. నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. దాని మీద పునాది వేసిన ఇళ్ళ గోడలు పగుళ్ళు ఇవ్వడం మామూలే. మనకు మామూలు. కొనేవాళ్ళకు మాత్రం గోడ కూలిపోతుందేమోనన్న భయం. పగులు కదులుతోందా, ఆగిపోయిందా తెలుసుకోవడానికి మేస్త్రీలు చేసే పని మీరూ చెయ్యొచ్చు. పగులుకు అడ్డంగా ఒక సన్నని కాగితం పట్టీ గట్టిగా అంటించండి. దాని మీద తారీఖు వేయండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచినా కాగితం చిరగకపోతే పగులు ఆగినట్టే. చిరిగితే ఇంకా కదులుతోంది. అప్పుడు ఇంజనీరును పిలవాలి. చాలాసార్లు కారణం మన ముందే ఉంటుంది. స్నానాల నీళ్ళు పునాది పక్కనే ఇంకుతుంటాయి. ఆ నీళ్ళను మోరీలో కలిపితే చాలు. ఆ తారీఖు వేసిన కాగితాన్ని తీసెయ్యకండి. కొనేవాళ్ళకు చూపించండి. పగులు లేదని చెప్పే వందమాటల కంటే, పగులుంది గానీ ఏడాదిగా కదలలేదు అని చూపించే ఆ కాగితం ఎక్కువ ధైర్యమిస్తుంది.

ఇప్పుడు నాకు ఇష్టమైన విషయం. మన నాపరాయి. తాండూరు బండలంటే దేశమంతా తెలుసు. నీలం బండ, పసుపు బండ, అవతలి వైపు షాబాదు బండ. ఈ రాళ్ళను పెద్ద పెద్ద నగరాల్లో డబ్బు పోసి కొంటారు. మనమేమో ఇల్లు అమ్మే ముందు ఆ బండల మీద మెరిసే టైల్స్ పరిపించి, ఇప్పుడు ఇల్లు బాగుందంటాం. దయచేసి ఆ పని చెయ్యకండి. లక్ష పెట్టి టైల్స్ వేస్తే లక్ష తిరిగి రాదు. పైగా కింద ఏం దాచారోనన్న అనుమానం కొత్తగా పుడుతుంది.

ఇంకా ముఖ్యం, ఆ బండల్ని యాసిడ్‌తో కడగకండి. నాపరాయి సున్నపురాయి జాతి. బాత్రూములు కడిగే యాసిడ్ పడితే నురగ వస్తుంది. మురికి పోతోందని మనం సంతోషిస్తాం. పోయేది మురికి కాదు, రాయి పైపొరే. ఆరాక బండ తెల్లగా పాలిపోయి గరుకు తేలుతుంది. చింతపండు, నిమ్మకాయ పులుపు కూడా అంతే. వంటింటి బండల మీద పచ్చడి పడినచోట మచ్చ పోకపోవడానికి కారణం ఇదే. సబ్బునీళ్ళు, కొబ్బరి పీచు, ఓపిక, ఈ మూడూ చాలు. మరీ పాడైతే మిషనుతో పాలిష్ పట్టించండి. కదిలే బండల్ని సరిగ్గా కూర్చోబెట్టించి, సందుల్లో సిమెంటు నింపించండి. పాత నాపరాతి నేల శుభ్రంగా ఉంటే, అదే ఆ ఇంటి గొప్ప.

రాతిగోడ, మట్టిగోడ ఉన్న పాత ఇళ్ళకు ప్లాస్టిక్ పెయింట్ వద్దు, సున్నమే మేలు. సున్నం గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది, పెయింట్ లోపలే బంధిస్తుంది. దర్వాజాలకు, దూలాలకు చెద మట్టి కనబడితే మందు కొట్టించండి. ఆ బిల్లు దాచుకోండి.

వాస్తు గురించి ఒక్క ముక్క. కొనేవాళ్ళు అడుగుతారని ముందే గోడలు కూలగొట్టి, తలుపులు మార్చకండి. మీ పంతులు చెప్పినదానికి వాళ్ళ పంతులు ఒప్పుకోవాలని ఎక్కడా లేదు.

ఇంత చేశాక కూడా కొన్ని లోపాలు మిగులుతాయి. అవి ఏం చెయ్యాలి? చెప్పెయ్యాలి. బోరులో వేసవిలో నీళ్ళు తగ్గుతాయా, చెప్పండి. పెద్ద వానకు వీధి నీళ్ళు వాకిట్లోకి వస్తాయా, చెప్పండి. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇంటిని అమ్మితే, గోడల రంగులో సీసం ఉందని తెలిస్తే కొనేవాళ్ళకు చెప్పి తీరాలి. అది వాళ్ళ చట్టం. మన దగ్గర చట్టాలు లేవనుకోకండి. మామూలుగా చూస్తే కనబడని లోపం అమ్మేవాళ్ళకు తెలిసుంటే కొనేవాళ్ళకు చెప్పాలని మన ఆస్తి బదిలీ చట్టం 1882లోనే రాసింది. ఇంటి లోపమైనా, హక్కులో ఉన్న లోపమైనా సరే. చట్టం సంగతి అటుంచినా, అమ్మేవాళ్ళ నోటివెంట ఒక లోపం బయటికొస్తే, కొనేవాళ్ళు మిగతా పది మాటలు నమ్ముతారు. నా లెక్కలో బేరానికి ఇంతకు మించిన బలం లేదు.

ఎప్పుడు చూపించాలి? మన దగ్గర ఆషాఢంలో, పితృపక్షాల్లో ఎవరూ ఇల్లు కొనరు. ఊళ్ళోవాళ్ళకు అమ్మాలనుకుంటే ఇంకో లెక్క ఉంది. మన దగ్గర డబ్బు చేతిలో ఆడేది కంది అమ్మాక. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తాండూరు కంది డిసెంబరు, జనవరిల్లో కోతకొస్తుంది. అది మార్కెట్ యార్డుకు చేరి డబ్బులు వచ్చాక, సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొనేవాళ్ళకు ధైర్యం ఉంటుంది. అంటే మిద్దె పని వానలకు ముందే చేయించండి. వానాకాలమంతా అది కురవలేదని చూసుకోండి. చలికాలంలో ఇల్లు చూపించండి. అప్పటికి కాగితాలూ చేతిలో ఉంటాయి.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము అన్నీ కలిపి తెలంగాణలో 2021 జూలై 22 నుంచి ఏడున్నర శాతం. మామూలుగా అది కొనేవాళ్ళు పెట్టుకుంటారు. అయినా బేరం మాట్లాడేటప్పుడే తేల్చుకోండి. బయానా తీసుకుంటే కాగితం రాసుకోండి. ఇల్లు, జాగా అమ్మకంలో ఇరవై వేలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదని 2015 నుంచి ఆదాయపన్ను నిబంధన ఉంది. తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా కట్టాల్సి రావచ్చు. ఆ జరిమానా పడేది కొన్నవాళ్ళకు కాదు, డబ్బు తీసుకున్న మీకు. బ్యాంకు ద్వారానే తీసుకోండి. లాభం మీద పన్ను ఎంతో, ఇంకో ఇల్లు కొంటే మినహాయింపు ఉందో లేదో ముందే ఒక ఆడిటరును అడగండి.

మళ్ళీ అదే మాట. అనుమానం ఎక్కడుంటే ధర అక్కడ తెగుతుంది. కాగితాల్లో ఉన్న అనుమానం ముందు, గోడల్లో ఉన్నది తర్వాత, రంగులు అన్నిటికంటే చివర.

వచ్చే సంక్రాంతికి ఇల్లు అమ్మాలనుకునే శ్రోతలు ఈ వారంలోనే ఒక పని చెయ్యండి. ఇంటి పన్ను రసీదు తీసి, దాని మీద ఎవరి పేరుందో చూడండి. పోయిన నాన్నగారి పేరుంటే, మేస్త్రీకి కాదు, ముందు అక్కచెల్లెళ్ళకు ఫోను చెయ్యండి.